నువ్వు చూసిందే నీ సాక్ష్యం

ప్రియమైన చెల్లికి,

వందనాలు. మీ సంఘ పత్రిక కోసం నువ్వు రాసిన ‘దేవుని న్యాయం’ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీకు బాగా తెలుసు. భాష కూడా శుభ్రంగా ఉంది. కానీ ఆ నాలుగు పేజీల్లో ఒక్క మనిషీ లేడమ్మా. ‘అణగారినవారు’, ‘పీడితులు’ అని రాశావు. వాళ్లది ఏ ఊరో, ఏం పని చేస్తారో, వాళ్లను ఏడిపించింది ఎవరో లేదు. న్యాయమంతా అంత్యదినానికి వదిలేసి, అప్పటిదాకా ప్రార్థించాలి అన్నావు. ప్రార్థన చేద్దాం, నేనూ చేస్తాను. కానీ కలం పట్టుకున్నాక నీ మీద ఇంకో పని కూడా పడింది.

మన చర్చిల్లో ‘సాక్ష్యం’ అనే మాట ఎంతగా వాడతామో చూడు. ఆరాధన మధ్యలో లేచి జ్వరం తగ్గిందని, ఉద్యోగం వచ్చిందని సాక్ష్యం చెబుతాం. కోర్టు బోనులో నిలబడి చెప్పేదానికీ మన భాషలో అదే మాట. బైబిల్లో లేవీయకాండం అయిదో అధ్యాయం మొదటి వచనం తీసి చూడు. చూసినవాడు, సంగతి తెలిసినవాడు సాక్షిగా ఉండి కూడా చెప్పకపోతే ఆ దోషం అతని మీదే ఉంటుంది. అబద్ధ సాక్ష్యం పలకకూడదని సండే స్కూల్లో కంఠతా పట్టాం. నోరు మూసుకోవడం కూడా పాపమేనని అప్పుడు మనకెవరూ చెప్పలేదు.

బైబిల్లోని నాబోతు కథ మళ్లీ చదువు, ఈసారి రాసేవాళ్ల కళ్లతో. అహాబు రాజుకు తన నగరు పక్కనున్న ద్రాక్షతోట కావాలి, కూరతోట వేసుకోవడానికి. పిత్రార్జితం ఇవ్వనన్నాడు నాబోతు. అప్పుడు రాణి యెజెబెలు రాజు పేరుతో ఉత్తరాలు రాసి, రాజముద్ర వేసి ఊరి పెద్దలకు పంపింది. ఉపవాసదినం చాటించమంది. ఇద్దరు పనికిమాలినవాళ్లను సాక్షులుగా నిలబెట్టమంది. దేవుణ్ణి, రాజును దూషించాడని వాళ్లు చెప్పారు, ఊరు రాళ్లతో కొట్టి చంపింది. చూశావా, ఆ అన్యాయానికి ఉత్తరం ఉంది, ముద్ర ఉంది, ఉపవాసం ఉంది, సాక్ష్యం కూడా ఉంది. భక్తి ముసుగులోనే అంతా జరిగింది. ప్రవక్త ఏలీయా ఏం చేశాడు? ఆ తోటలోకే వెళ్లి, చంపి స్వాధీనం చేసుకున్నావా అని రాజును మొహం మీదే అడిగాడు. నీ వ్యాసంలో అలాంటి వాక్యం ఒక్కటి ఉన్నా చాలు.

సాక్ష్యం ఎంత బరువో మన ప్రాంతానికి తెలుసు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. వాళ్లలో బైబిలు పేర్లు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. సాక్షులు ఏళ్ల తరబడి ఆ ఊరి గాలి పీలుస్తూనే నిలబడ్డారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఆ సాక్షులు చెప్పింది వృథా అని మాత్రం నేను అనను. వాళ్లు చెప్పబట్టే ఆ రోజు ఏం జరిగిందో మనకు తెలుసు.

ఇంకో సంగతి కూడా నువ్వు తెలుసుకుని రాయాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల, బాప్తిస్మం తీసుకున్న మాల, మాదిగలకు షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. అలా మతం మారినవాళ్లు, ఎస్సీ, ఎస్టీల మీద దౌర్జన్యాలను ఆపడానికి ఉన్న అట్రాసిటీ చట్టం కింద రక్షణ కోరలేరని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. అంటే కులం పేరుతో తిట్లు తిన్న మనిషి ‘నేను క్రైస్తవుణ్ణి’ అని కోర్టులో నిజం చెబితే, ఆ నిజమే అతని కేసుకు అడ్డం తిరుగుతుంది. కాగితాల్లో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు పెట్టుకునేవాళ్లను తేలిగ్గా తప్పుపట్టకు.

నేను నీ వయసులో ఉన్నప్పుడు మా సంఘపెద్ద ఒకాయన మిరపకోతకు వచ్చిన ఆడవాళ్లకు కూలి తగ్గించి ఇచ్చాడు. నేను చూశాను. ఆ నెల పత్రికలో క్షమాగుణం మీద వ్యాసం రాశాను. ఆ కూలి సంగతి రాయలేదు. ఆ ఆడవాళ్లలో కొందరు ఆ వ్యాసం చదివించుకుని విన్నారని తర్వాత తెలిసింది. ఇప్పటికీ అది గుర్తొస్తే నిద్ర పట్టదు నాకు.

అందుకే నీ వ్యాసం కన్నా దానితో పాటు పంపిన ఉత్తరం నన్ను పట్టుకుంది. చివర్లో, మాటవరసకు అన్నట్టు, మీ చర్చి ఊడ్చే పెద్దమ్మకు మూడు నెలలుగా జీతం ఇవ్వలేదని రాశావు. బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతుందని బైబిల్లో యాకోబు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో ఉంది కదా. ఆ మొఱ్ఱ మీ చర్చి గుమ్మం దగ్గరే వినబడుతోంది.

ఆమె ఇంటికి వెళ్లు. నెలకు ఎంత మాట్లాడుకున్నారు, ఎప్పటినుంచి ఆగింది, ఎవరిని అడిగింది, వాళ్లు ఏమన్నారు, అన్నీ ఆమె మాటల్లోనే రాసుకో. ‘జీతం ఇవ్వబడలేదు’ అని రాయకు, ఎవరు ఇవ్వలేదో రాయి. లెక్కలు చూసే కోశాధికారిని కూడా అడుగు, ఆయన చెప్పిందీ వదలకుండా రాయి. కోపంలో ఒక్క నెల ఎక్కువ వేసినా అది అబద్ధ సాక్ష్యమే. పత్రికకు ఇచ్చేముందు సంఘ కమిటీలో ఈ మాట ఎత్తు. వాళ్లు జీతం ఇచ్చేస్తే, వ్యాసం అచ్చు కాకపోయినా ఫర్వాలేదు.

ఇవ్వకపోతే, రాసింది ముందు ఆమెకు చదివి వినిపించు. పేరు వేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, పని పోతే కష్టపడేది ఆమె కాబట్టి. ఆమె సరే అన్నాక నాకు పంపు.

నీ అన్న