ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదవడానికి స్కాలర్‌షిప్‌లు – సమాధానం

అన్నా, మీ చెల్లెలు ఆదిలాబాద్‌లో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉంది, ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చేస్తానంటోంది, మా వల్ల అవుతుందా అని అడిగారు కదా. పీజీ గురించి మరీ బెంగ వద్దు. సీపీగెట్ (తెలంగాణలో పీజీ సీట్ల ఎంట్రన్స్) రాసి కౌన్సెలింగ్‌లో సీటు తెచ్చుకుంటే ఈపాస్‌లో, అంటే రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి పెట్టుకోవచ్చు. పల్లెల్లో బీసీలకు ఏడాది ఆదాయం 1.5 లక్షలు, ఎస్సీ ఎస్టీలకు 2 లక్షలు దాటకూడదు. డబ్బు పడేసరికి ఆలస్యమవుతుంది, ఈలోగా ఖర్చులకి కొంత చేతిలో ఉంచుకోండి. మీసేవలో ఆదాయం సర్టిఫికెట్ తీసుకోండి. టెన్త్ మెమోలో, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో ఇప్పుడే చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే తర్వాత తిప్పలే.

అసలు ఆసరా పీజీ తర్వాత. యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ సబ్జెక్టు ఉంది, పీజీ చివరి ఏడాదిలోనే రాయొచ్చు. అందులో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) కొడితే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. తిరిగి కట్టే పని లేదు. గేట్‌లోనూ 2021 నుంచి ఈ సబ్జెక్టుకి పేపరుంది. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 ఇస్తారు. నా ఓటు మాత్రం నెట్‌కే.

జంతువుల మీద మనసుంటే హైదరాబాద్‌లోనే లాకోన్స్ అని, అంతరించిపోతున్న జంతువుల్ని కాపాడే పరిశోధన సంస్థ ఉంది. జూతో కలిసి మూషిక జింకల్ని పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలింది వాళ్లే. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమనే స్కాలర్‌షిప్‌ల జోలికి పోకండి. మీ కేటగిరీ చెప్తే ఇంకేం వర్తిస్తాయో చూసి చెప్తాను.