కథని 1947 ఏప్రిల్‌కి జరపండి

పోయిన సంచికలో రేడియో హాస్యం, కాలయానం కలిపి కథలు రాసేవాళ్లని ప్రశ్నలు పంపమన్నాను. చాలా ఉత్తరాలొచ్చాయి. మూడింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, పాత అమెరికన్ రేడియో హాస్య కార్యక్రమాలంటే నాకు ప్రాణం. జాక్ బెన్నీ, ఫ్రెడ్ ఆలెన్, బర్న్స్ అండ్ ఆలెన్... దొరికినవన్నీ విన్నాను. ఇప్పుడు వాటి చుట్టూ ఒక డిటెక్టివ్ నవలిక రాస్తున్నాను. ఈ కాలం న్యూయార్క్‌లో పాత రికార్డులు బాగుచేసే అమ్మాయి 1938కి వెళ్తుంది. అక్కడ ఒక కమెడియన్ ప్రత్యక్ష ప్రసారం మధ్యలో మాయమవుతాడు. స్టూడియోలో దొరికిన టేపు స్పూలులో అసలు ఆధారం ఉంటుంది. నాలుగు అధ్యాయాలయ్యాయి, ఐదోది కదలడం లేదు. పట్టు ఎక్కడ తప్పింది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ టేపు స్పూలు దగ్గరేనమ్మా. 1938లో అమెరికా రేడియో స్టూడియోల్లో టేపు లేదు. జర్మనీలో టేపు మీద రికార్డు చేసే మాగ్నెటోఫోన్ యంత్రాలు అప్పటికే వచ్చాయి గానీ అమెరికా రేడియోకి వాటి సంగతి తెలిసింది యుద్ధం ముగిశాకే. జాక్ ముల్లిన్ అనే సైనిక ఇంజనీరు రెండు యంత్రాలని విడగొట్టి, యాభై స్పూళ్ల టేపుతో సహా పార్సిళ్లుగా ఇంటికి పంపుకున్నాడు. 1946 మేలో శాన్ ఫ్రాన్సిస్కోలో తోటి ఇంజనీర్లకి వాటిని వినిపించాడు. 1947 అక్టోబరు 1న ప్రసారమైన గాయకుడు బింగ్ క్రాస్బీ కార్యక్రమాన్ని ఆ టేపు మీదే రికార్డు చేశారు.

తేదీ దిద్దుకోమని చెప్పి ఊరుకోవచ్చు. కానీ మీ మిస్టరీ అంతా ఈ తేదీలోనే ఉంది. టేపు రాకముందు రేడియోలో గడిచిన క్షణాన్ని అతుకు తెలియకుండా కత్తిరించడం కుదిరేది కాదు. పెద్ద నెట్‌వర్కులు రికార్డు చేసిన కార్యక్రమాల్ని దగ్గరికే రానిచ్చేవి కావు, దాదాపు అంతా ప్రత్యక్ష ప్రసారమే. తూర్పు తీరానికి ఒకసారి ఆడి, భోజనం చేసి వచ్చి, మూడు గంటల తర్వాత పడమటి తీరం కోసం మళ్లీ మొదటినుంచీ ఆడేవాళ్లు. ఒకే రాత్రి, అదే స్క్రిప్టు, రెండు ప్రదర్శనలు! మొదటిసారి తడబడిన మాట రెండోసారి సరిగ్గా పడుతుంది, మొదటిసారి పేలిన జోకు రెండోసారి చప్పబడుతుంది. సాక్షులిద్దరూ నిజమే చెబుతూ ఒకరితో ఒకరు విభేదించే కథ ఇంతకన్నా సులువుగా ఎక్కడ దొరుకుతుంది?

రికార్డంటూ ఉంటే అది డిస్కే. పదహారు అంగుళాల అల్యూమినియం పళ్లెం, దాని మీద లాకర్ అనే వార్నిష్ లాంటి పూత. నిమిషానికి 33⅓ చుట్లు, ఒక్కో వైపు పావుగంట. యుద్ధకాలంలో అల్యూమినియం దొరక్క గాజు పళ్లేలు వాడారు, అవి చేయి జారితే అంతే సంగతులు. అరగంట కార్యక్రమానికి రెండు వైపులు కావాలి. గాడి లోపలికి వెళ్లేకొద్దీ శబ్దం మొద్దుబారుతుంది. రెండో వైపుకి మారినప్పుడు తేడా తెలియకూడదని, చాలాసార్లు ఒక వైపు అంచునుంచి లోపలికి, తర్వాతి వైపు లోపలినుంచి అంచుకి చెక్కేవాళ్లు. లేబుల్ మీద ఎటునుంచి మొదలుపెట్టాలో రాసి ఉండేది. ఆనాటి మనిషి లేబుల్ చూడకుండా ముల్లు దించడు. మీ కథలో ఒకడు అలవాటుగా అంచున దించితే, వాడు ఆ కాలం వాడు కాదని పాఠకుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక కథని 1947 ఏప్రిల్ 20, ఆదివారానికి జరపండి. ఆ రాత్రి ఎన్‌బీసీ రేడియో నెట్‌వర్కులో ఫ్రెడ్ ఆలెన్ కార్యక్రమం. అంతకుముందు వారం సమయం మించిపోవడంతో చివర్లో కోసేశారు. దాని మీదే ఆలెన్ ఒక జోకు రాశాడు. మన కార్యక్రమం ఎందుకు ఆగిపోయిందని భార్య పోర్ట్‌లాండ్ హోఫా అడుగుతుంది. కంపెనీలో కార్యక్రమాల చివరలు చూసుకోవడానికే ఒక వైస్ ప్రెసిడెంట్ ఉన్నాడంటాడు ఆలెన్. ఇక్కడ పది సెకన్లు, అక్కడ ఇరవై సెకన్లు కూడబెట్టి, రెండు వారాలు పోగవగానే ఆయన ఆ కాలంతో సెలవు మీద వెళ్తాడట! ఈ జోకు తీసేయమని నెట్‌వర్కు అడిగింది, ఆలెన్ ఒప్పుకోలేదు. ఆ చోటు రాగానే ప్రసారం ఆపేశారు. దేశమంతటా సుమారు అర నిమిషం నిశ్శబ్దం. రెండు రోజుల తర్వాత, మంగళవారం, ఆ సంగతి ఎత్తినందుకు కమెడియన్లు బాబ్ హోప్‌నీ రెడ్ స్కెల్టన్‌నీ కూడా మాట మధ్యలోనే ఆపేశారు.

ఇతరుల సెకన్లు దొంగిలించి దాచుకునే మనిషి! కాలయానం కథకి ఇంతకన్నా మంచి బీజం నేనైతే ఊహించలేను, పైగా ఇది నిజంగా జరిగింది. ఇళ్లలో వినేవాళ్లకి నిశ్శబ్దం, స్టూడియోలో కూర్చున్నవాళ్లకి జోకు. గాలిలో వచ్చింది పట్టి చెక్కిన డిస్కులో ఖాళీ ఉంటుంది, స్టూడియో లైన్ నుంచి చెక్కిన దానిలో మాటలుంటాయి. మీ కమెడియన్ మాయమయ్యేది ఆ అర నిమిషంలో కావాలి.

మీ నాయికకి దొరికేది మూడో డిస్కు. దాంట్లో నిశ్శబ్దమూ లేదు, జోకూ లేదు. ముందు మాట, వెనక మాట అతుకు తెలియకుండా కలిసిపోయి ఉంటాయి. 1947 ఏప్రిల్‌లో అది సాధ్యం కాదు. క్రాస్బీ ఆ ఏడాది డిస్కు నుంచి డిస్కుకి ఎక్కించి కూర్పు చేయించేవాడు, కానీ ఎక్కించిన ప్రతిసారీ శబ్దం పాడై వినేవాళ్లకి తెలిసిపోయేది. టేపు కత్తిరింపు వేరు. నేను రేడియో స్టేషన్‌లో ఆ పని చేసినదాన్ని. స్పూలుని రెండు చేతులతో ముందుకీ వెనక్కీ మెల్లగా తిప్పుతుంటే మాట ‘ఊఁ... ఊఁ’ అని మూలుగుతుంది. మాట మొదలయ్యే చోట పసుపు పెన్సిల్‌తో గీత పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, వెనక అంటుపట్టీ వేస్తాం. ఏటవాలు కోత వల్ల ఒక శబ్దం ఇంకోదానిలోకి జారుతుంది, టప్‌మని వినిపించదు. మీ నాయిక ఆ అతుకుని చెవితో పట్టాలి. వినగానే ఆమెకి తెలియాల్సింది ఒకటే: ఈ కాలానికి తను ఒక్కతే రాలేదు.

ఇంకో ఆధారం కూడా ఇస్తాను. ఆ లాకర్ పూత మెత్తగా ఉండటానికి చాలా డిస్కుల్లో ఆముదం కలిపేవాళ్లు. ఏళ్లు గడిచాక అది విడిపోయి పైకి వస్తుంది, డిస్కు మీద తెల్లటి జిడ్డు పొడి పేరుకుంటుంది. పూత కుంచించుకుపోయి పెచ్చులుగా లేస్తుంది. మొదటి అధ్యాయంలో, ఈ కాలంలో, మీ నాయిక చేతికొచ్చిన డిస్కు పొడి లేకుండా నల్లగా నిగనిగలాడనివ్వండి. ఎందుకని ఆమె గానీ మీరు గానీ అడగొద్దు. పాఠకుడు చివర్లో వెనక్కి తిప్పి చూసుకుంటాడు.

ప్రశ్న: రేడియోలో ప్రేక్షకుల నవ్వుని డిటెక్టివ్ ఆధారంగా వాడొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తప్పకుండా. 1948 మార్చి 28న జాక్ బెన్నీ కార్యక్రమంలో దొంగ ‘డబ్బా, ప్రాణమా’ అని బెదిరిస్తాడు. పిసినారి బెన్నీ నోరు మెదపడు. జనం నవ్వుతారు. దొంగ గదమాయిస్తే ‘ఆలోచిస్తున్నాను’ అంటాడు. ఆ నవ్వు నిమిషాల తరబడి ఆగలేదని తర్వాత చాలామంది చెప్పుకున్నారు. రికార్డు వింటే అది కొన్ని సెకన్లే. ‘నేను ఆ రాత్రి హాల్లోనే ఉన్నాను, రెండు నిమిషాలు నవ్వాం’ అనే సాక్షిని మీ డిటెక్టివ్ నమ్మకూడదు.

టేపు వచ్చాక మాత్రం నవ్వుని నమ్మలేం. క్రాస్బీ కార్యక్రమానికి బాబ్ బర్న్స్ అనే కమెడియన్ వచ్చి కాస్త మోటు జోకులు చెబితే జనం విరగబడి నవ్వారు. ప్రసారానికి పనికిరాని ఆ జోకులు తీసేసి, నవ్వులు మాత్రం దాచమన్నారని ముల్లిన్ చెప్పుకున్నాడు. కొన్ని వారాలకి అంతగా నవ్వురాని కార్యక్రమం ఒకటి వస్తే ఆ పాత నవ్వుల్ని దాంట్లో అతికించారు. ఒక రోజు నవ్వు ఇంకో రోజుకి ప్రయాణం చేసిందన్నమాట. అందుకే తెనాలి పాఠకురాలిని 1947 అక్టోబరు దాటొద్దంటున్నాను.

ప్రశ్న: నవ్వుల నేపథ్యంలో మిస్టరీ రాస్తే బరువు ఎలా వస్తుంది?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: 1933 జనవరిలో బర్న్స్ అండ్ ఆలెన్ జంటలోని గ్రేసీ ఆలెన్ తన సోదరుడు తప్పిపోయాడంటూ తన కార్యక్రమంలోనే కాక, చెప్పాపెట్టకుండా వేరే కార్యక్రమాల్లోకీ వచ్చి వెతకడం మొదలుపెట్టింది. దేశం పడిపడి నవ్వింది. గ్రేసీకి నిజంగానే జార్జ్ అనే సోదరుడున్నాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో అకౌంటెంటు, నెమ్మదస్తుడు. విలేకరులు, ఆకతాయిలు చుట్టుముట్టడంతో ఆ గోల తగ్గేదాకా ఎవరికీ కనబడకుండా ఉండాల్సి వచ్చింది. మీ కథలో జోకు ఎవరి మీద పడిందో ఆ మనిషి ఇంటికి వెళ్లండి. వాళ్లింట్లో ఫోను మోగితే ఎవరు తీస్తారు, తీసి ఏం చెబుతారు? ఆ పేజీ ముందు రాసి, డిటెక్టివ్‌ని తర్వాత పిలవండి.