వింగర్‌ని రైట్ బ్యాక్‌గా మారిస్తే దించేసినట్టేనా? ఆంటోనియో వాలెన్సియా కెరీర్ చూడండి

మీరు కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో రెండేళ్ళు రైట్ వింగ్ (కుడి పక్క ముందుండి దాడి చేసే స్థానం) ఆడారు, ఇప్పుడు కోచ్ రైట్ బ్యాక్‌కి (కుడి పక్క వెనకుండి కాపాడే స్థానం) వెళ్ళమంటున్నారు, ఇది దించేసినట్టేనా, అలా వెనక్కి వెళ్ళి పేరు తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఉన్నారు. నాకు మొదట గుర్తొచ్చేది ఈక్వెడార్ ఆటగాడు ఆంటోనియో వాలెన్సియా. ఇంజనీరింగ్‌లో నన్నూ మీలాగే వింగ్ నుంచి వెనక్కి మార్చారు. అప్పుడు టీవీలో అతని మ్యాచ్ వస్తుంటే గోల్స్ కోసం కాదు, బాల్ తన దగ్గర లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడో చూడటానికి కూర్చునేవాణ్ణి.

అతనిది కొలంబియా సరిహద్దుకి దగ్గర్లో, అమెజాన్ ప్రాంతంలో చమురు తవ్వకాలతో పెరిగిన లాగో అగ్రియో అనే ఊరు. పుట్టింది 1985లో. ఇంట్లో బాగా ఇబ్బందులు. స్టేడియం బయట అమ్మ కూల్‌డ్రింకులు అమ్ముతుంటే సాయం చేసేవాడు, ఖాళీ సీసాలు ఏరేవాడు. అక్కడి నుంచి రాజధాని కీటోలోని ఎల్ నసియోనాల్ క్లబ్, తర్వాత స్పెయిన్‌లో వియ్యారియల్, 2006లో ఇంగ్లండ్‌లో విగన్. అదే ఏడాది జర్మనీలో వరల్డ్ కప్ కూడా ఆడాడు. 2009 వేసవిలో మాంచెస్టర్ యునైటెడ్ క్రిస్టియానో రొనాల్డోని 8 కోట్ల పౌండ్లకి రియల్ మాడ్రిడ్‌కి ఇచ్చేసి, కుడి వైపుకి తెచ్చుకున్నది ఇతన్నే. ఆ టెన్షన్ ఎలాంటిదో ఊహించుకోండి.

రొనాల్డో చేసే కాళ్ళ మాయలు ఇతని దగ్గర లేవు. బాల్‌ని కుడి పక్కకి తోసి, డిఫెండర్‌ని పరుగులో దాటి, క్రాస్ వెయ్యడం (పక్క నుంచి గోల్ ముందుకి బాల్ పంపడం), అంతే. ఎడమ కాలు దాదాపు వాడేవాడు కాదు. ఏం చేస్తాడో ఎదుటివాళ్ళకి ముందే తెలుసు, అయినా ఆపలేకపోయేవాళ్ళు. 2010 ఫిబ్రవరి 28న వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్, ఆస్టన్ విల్లాతో స్కోరు 1-1. 74వ నిమిషంలో కుడి పక్క బాల్ అందుకున్న వాలెన్సియా దాన్ని గట్టిగా బాదలేదు. డిఫెండర్ల తలల మీదుగా మెత్తగా లేపాడు, తోటి ఆటగాడు రూనీ తలతో కొట్టాడు, గోల్. హాస్టల్ టీవీ రూమ్ దద్దరిల్లిపోయింది. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ వాలెన్సియానే.

ఆరు నెలలు దాటగానే, 2010 సెప్టెంబర్‌లో రేంజర్స్‌తో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లో ఎడమ చీలమండ విరిగి పక్కకి తిరిగిపోయింది. వేగమే పెట్టుబడి అయిన ఆటగాడికి అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు. అయినా మార్చికల్లా తిరిగొచ్చి, ఆ సీజన్ చివర్లో బార్సిలోనాతో ఫైనల్‌లో మొదటి నిమిషం నుంచే ఆడాడు. మరుసటి సీజన్ 2011-12లో యునైటెడ్ అభిమానుల ఓటు, తోటి ఆటగాళ్ళ ఓటు రెండూ అతనికే పడి, ఆ ఏటి ఉత్తమ ఆటగాడయ్యాడు. తర్వాత అతనికి ఒకప్పుడు రొనాల్డో వేసుకున్న 7వ నంబర్ జెర్సీ ఇచ్చారు. ఆ ఏడాది ఆట కుదరలేదు. మరుసటి ఏడాది ఆ నంబర్ వదిలేసి తన పాత 25కే వెళ్ళిపోయాడు. ఎంత పేరున్న నంబరో తెలిసి కూడా దాన్ని పట్టుకుని వేలాడలేదు. నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఇక మీకు కావాల్సిన భాగం. యునైటెడ్ మేనేజర్‌గా ఫెర్గూసన్ ఉన్నప్పుడే అవసరమైతే రైట్ బ్యాక్‌గా దింపేవారు. 2014లో వాన్ గాల్ వచ్చాక అది అలవాటైంది, 2016లో మొరిన్యో వచ్చాక అదే అతని సొంత స్థానమైపోయింది. 2016-17లో మళ్ళీ తోటి ఆటగాళ్ళ ఓటుతో ఉత్తమ ఆటగాడు, ఈసారి డిఫెండర్‌గా. 2017 మే 24న స్టాక్‌హోమ్‌లో అయాక్స్ మీద 2-0తో యూరోపా లీగ్ గెలిచిన జట్టుని కెప్టెన్‌గా మైదానంలోకి తీసుకెళ్ళింది అతనే. అదే సెప్టెంబర్‌లో ఎవర్టన్ మీద నాలుగో నిమిషంలో, తోటి ఆటగాడు మాటిచ్ పంపిన బాల్‌ని కింద పడనివ్వకుండా బాక్స్ అంచు నుంచి కొట్టిన గోల్ చూశారా? వింగర్‌గా ఉన్నప్పుడు కూడా అంతటి గోల్ కొట్టలేదని నా అభిప్రాయం. అప్పట్లో అదే జట్టులో ఎడమ పక్క ఆష్లీ యంగ్ కూడా వింగర్ నుంచి బ్యాక్‌గా మారినవాడే. కాబట్టి మీ కోచ్ అడిగింది వింత విషయమేమీ కాదు.

అతన్ని చూసి నేను పట్టుకున్నవి చెబుతాను. వింగర్‌గా మీరు డిఫెండర్ మీదకి వెళ్తారు, ఇప్పుడు వింగర్ మీ మీదకి వస్తాడు. తొందరపడి కాలు పెట్టకండి. వాలెన్సియా కొంచెం పక్కకి తిరిగి, మోకాళ్ళు వంచి, వెనక్కి జరుగుతూ ఎదుటివాణ్ణి మైదానం పక్క లైన్ వైపు నెట్టేవాడు. పరుగు పందెం పెడితే గెలిచేది తనే కదా. వేగం ఉన్నవాడికి ఆ ఓపిక ఉండాలి. రెండోది, బాల్ అవతలి పక్క ఉన్నప్పుడు లైన్ దగ్గరే ఉండిపోవడం. వింగర్లకి ఇది పాత అలవాటు, నాకు వదలడానికి చాలా టైమ్ పట్టింది. అప్పుడు మీరు లోపలికి, సెంటర్ బ్యాక్ (మధ్యలో ఉండే డిఫెండర్) పక్కకి రావాలి, లేకపోతే దూరపు పోస్ట్ దగ్గర మీ మనిషి ఒంటరిగా తలతో కొట్టేస్తాడు. మూడోది హాయిగా ఉండే సంగతి. వెనక నుంచి పరుగెత్తుకొస్తే మీ ముందు ఖాళీ ఎక్కువ, మీరు బాల్ అందుకునేసరికే ఫుల్ స్పీడ్‌లో ఉంటారు. వింగ్‌లో నిలబడి అందుకుంటే ఆ ఊపు రాదు. నా క్రాసులు నిజంగా బాగుపడింది వెనక్కి వెళ్ళాకే.

ఒక్క జాగ్రత్త. 2014 వరల్డ్ కప్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్‌లో, ఈక్వెడార్ కెప్టెన్‌గా ఉండి, ఫ్రాన్స్ ఆటగాడు డీన్యే కాలి మీద బూటు దింపి రెడ్ కార్డ్ తిన్నాడు. మ్యాచ్ 0-0, ఈక్వెడార్ ఇంటికి. కోపంతో చేసింది కాదు, బాల్ కోసం జారుతూ లేపిన కాలు. బ్యాక్‌గా అలాంటి సందర్భాలు మీకు రోజూ వస్తాయి. జారేటప్పుడు కాలు నేల మీదే ఉండాలి.

యునైటెడ్‌కి 339 మ్యాచ్‌లు, ఈక్వెడార్‌కి 99 మ్యాచ్‌లు ఆడాడు. 2019లో కీటోలోని ఎల్‌డీయూ క్లబ్‌కి వెళ్ళి, ఆ తర్వాత మెక్సికోలో కెరేతారో క్లబ్‌కి ఆడి, 2021లో మోకాలి ఇబ్బందితో ఆట మానేశాడు. రెండుసార్లు ప్రీమియర్ లీగ్ గెలిచింది వింగర్‌గా, యునైటెడ్ కెప్టెన్ అయింది రైట్ బ్యాక్‌గా.

మీ ముందు రైట్ వింగ్‌లో ఇప్పుడు ఎవరు ఆడుతున్నారు? ఆ అబ్బాయి లోపలికి కట్ చేసే రకమా, లైన్ పట్టుకుని పోయే రకమా? దాన్నిబట్టి మీరు ఎప్పుడు ముందుకి పరుగెత్తాలన్నది మారుతుంది. చెబితే దాని గురించి విడిగా రాస్తాను.