పాప పుస్తకాల సంచి ఇంకా కొక్కేనికే ఉంది

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నా వయసు 34. పదేళ్ళ మా పాప డెంగీతో పోయి పద్నాలుగు నెలలైంది. నాలుగో రోజున జ్వరం దిగిందని సంతోషించాం. మర్నాడు కడుపునొప్పి, వాంతులు మొదలయ్యాయి, రెండు రోజుల్లో పాప దక్కలేదు. ఆ ఒక్క రోజు ముందే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే అని ప్రతి రాత్రీ అనుకుంటాను. మిర్చి యార్డులో గుమస్తాగా చేసే మావారు ఇంతవరకు నా ముందు ఏడవలేదు, రాత్రి పదికి గాని ఇల్లు చేరరు. స్కూటరు డిక్కీలో మాత్రం పాప జడ రబ్బర్లు ఇంకా ఉన్నాయి. ఏడిస్తే పాపకు శాంతి ఉండదని, ఇంకొకరిని కంటే అన్నీ సర్దుకుంటాయని అత్తగారు అంటారు. మొన్న ఆరేళ్ళ బాబు అక్క సంచిలోని రంగు పెన్సిళ్ళు అడిగితే కొట్టాను. దుఃఖానికి ఐదు దశలుంటాయని చదివాను, నేను ఏ దశలో ఉన్నానో తెలియడం లేదు. ఆ సంచి తీసేయాలా? ఒక్కోసారి పాప దగ్గరికే వెళ్ళిపోతే బాగుండుననిపిస్తోంది.

జవాబు: అమ్మా, మీ చివరి వాక్యానికే ముందు జవాబు చెప్పాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లుల నోట ఆ మాట నేను చాలాసార్లు విన్నాను. ఎక్కువసార్లు అది చావాలన్న కోరిక కాదు, బిడ్డను చూడాలన్న తపన. అయినా మీ విషయంలో అది ఈ రెంటిలో ఏదన్నది ఉత్తరం చదివి తేల్చడం నాకు తగదు. ఈ రోజే మీవారితో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా చెప్పండి. ఎలా వెళ్ళిపోవాలన్న ఆలోచన కూడా వస్తుంటే, ఒంటరిగా ఉండకుండా వెంటనే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది.

ఇక మిమ్మల్ని తినేస్తున్న ఆ ఒక్క రోజు సంగతి. డెంగీలో జ్వరం దిగే సమయంలోనే, అంటే మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, కొందరిలో రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారి పరిస్థితి హఠాత్తుగా విషమిస్తుంది. ఒళ్ళు చల్లబడితే బిడ్డ కోలుకుంటోందని తరతరాలుగా నమ్మిన మనకు, ఆ చల్లదనమే ప్రమాదానికి మొదలు కావచ్చునని ఎలా తోస్తుంది? ఇప్పుడు తెలిసిన దానితో అప్పటి మిమ్మల్ని విచారిస్తున్నారు. మీరు ఆ రోజు చేసింది నిర్లక్ష్యం కాదు, బిడ్డకు నయమైందని సంతోషించడం.

ఐదు దశల మాట పక్కన పెట్టండి. 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే మానసిక వైద్యురాలు ఆ దశలను చెప్పింది మరణానికి చేరువైన రోగులను చూసి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి వరుసగా ఎక్కవలసిన మెట్లు కావవి. వాటిలో చివరిదిగా చెప్పే ఒప్పుకోవడమంటే పాప తిరిగి రాదన్న నిజం రోజులో కొంతసేపు మీ పక్కన కూర్చున్నా, మీరు అన్నం వండుకోగలగడం. అంతకు మించినది ఎవరైనా అడిగితే వినకండి.

మీ అత్తగారు చెడుద్దేశంతో అనడం లేదు, ఆమె కూడా మనవరాలిని పోగొట్టుకున్నారు. కానీ భాగవతంలో దేవకి ఏం చేసిందో ఆమెకు గుర్తు చేయండి. బలరామకృష్ణులంతటి కొడుకులు ఎదురుగా ఉన్నా, కంసుడు చంపిన ఆరుగురు బిడ్డలను ఒక్కసారి చూపించమని ఆ తల్లి ఎన్నో ఏళ్ళ తరువాత కూడా అడిగింది. కృష్ణుడు ఆమెను మందలించలేదు, సుతల లోకానికి వెళ్ళి వాళ్ళను తెచ్చి ఒడిలో పెట్టాడు. ఇంకో బిడ్డను కనాలా వద్దా అన్నది మీరిద్దరూ తీరికగా తేల్చుకోవలసిన విషయం, పుట్టబోయే బిడ్డ మీద పోయిన బిడ్డ స్థానాన్ని నింపే బరువు పెట్టకూడదు.

ఇంకొక మాట. పెద్దలు పోతే మనకు పదకొండో రోజు, మాసికాలు, ఏడాదికి ఆబ్దికం ఉంటాయి, బంధువులు వచ్చి తలచుకుంటారు. పసిపిల్లల విషయంలో చాలా కుటుంబాల్లో అవేవీ ఉండవు, అంతా తొందరగా ముగించేస్తారు. తలచుకోవడానికి ఒక రోజంటూ లేకపోతే దుఃఖం అన్ని రోజులూ ఆక్రమించుకుంటుంది. పాప పుట్టినరోజును మీ ఇంటి రోజుగా పెట్టుకోండి. దానికి ఇష్టమైనది వండండి, పేరు పెట్టి మాట్లాడుకోండి.

మీ భర్త సంగతికొస్తే, జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. పద్నాలుగు నెలలుగా డిక్కీలో జడ రబ్బర్లు దాచుకున్న మనిషి దుఃఖం లేనివాడు కాదు. మీరు ఏడుపుతో మోస్తున్న దానినే ఆయన పనితో మోస్తున్నారు, ఇంటికి త్వరగా వస్తే ఆ సంచి కనిపిస్తుందని కూడా భయపడుతుండవచ్చు. “మీరెందుకు ఏడవరు” అని అడగకండి. వారానికి ఒక సాయంత్రం, అరగంట చాలు, ఆ స్కూటరు మీదే ఇద్దరూ ఎటైనా వెళ్ళి పాప గురించి మాత్రమే మాట్లాడుకోండి. ఎదురెదురుగా కూర్చుని చెప్పలేనివి చాలామంది మగవాళ్ళు బండి నడుపుతూ చెప్పగలరు.

ఆరు నెలలు దాటినా రోజువారీ బతుకును సాగనివ్వని తీవ్ర దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలైన తన వ్యాధుల వర్గీకరణలో చికిత్స అవసరమైన స్థితిగా చేర్చింది. నిద్ర, తిండి, బాబు పనులు మూడూ దెబ్బతింటున్నాయనిపిస్తే వైద్యుణ్ణి కలవడానికి సంకోచించవద్దు.

చివరిగా బాబు. అక్కతో తాను పోట్లాడడం వల్లే అలా జరిగిందని ఆ వయసు పిల్లలు నమ్మే ప్రమాదం ఉంది, ఇప్పుడు పెన్సిళ్ళు అడిగి దెబ్బ తిన్నాడు. దగ్గర కూర్చోబెట్టుకుని, కొట్టింది అమ్మ తప్పేనని, అక్క జబ్బు వల్ల చనిపోయిందని, అందులో వాడి తప్పేమీ లేదని చెప్పండి. నిద్రపోయిందనో ఊరెళ్ళిందనో చెప్పకండి, వాడు నిద్రకు భయపడతాడు. మీకు ఏడుపొస్తే వాడి ముందే ఏడవండి. సంచి మీకు ఇష్టమైనన్నాళ్ళు కొక్కేనికే ఉండనివ్వండి. ఆ పెన్సిళ్ళు మాత్రం ఈ ఆదివారం మీవారు ఇంట్లో ఉన్నప్పుడు, మీ చేతులతోనే తీసి బాబుకు ఇవ్వండి.