బీర్స్ లిస్టుకి డబ్బులెవరిచ్చారు?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, నిద్రకి నాలుగేళ్లుగా రోజూ అల్ప్రాజోలం వేసుకుంటున్నారు. అమెరికాలో ఉండే అన్నయ్య ‘బీర్స్ లిస్టు’ అని వాట్సాప్‌లో పంపి, అల్ప్రాజోలం, గ్లిమిపిరైడ్ అందులో ఉన్నాయి కాబట్టి వెంటనే ఆపేయమంటున్నాడు. అవన్నీ కంపెనీలు రాయించేవేనని మా బావగారు కొట్టిపారేస్తున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు అల్ప్రాజోలం సంగతి. ఇవాళ్టి నుంచే ఆపేయకండి. నాలుగేళ్లు అలవాటైన మందు ఉన్నట్టుండి మానేస్తే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి.

ఇక లిస్టు. బీర్స్ అంటే మార్క్ బీర్స్ అనే డాక్టరు. 1991లో అమెరికా నర్సింగ్ హోముల్లో ఉండే పెద్దవాళ్ల కోసం (అక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గరలా చిన్న ఆస్పత్రి కాదు, వృద్ధుల్ని ఉంచి చూసుకునే చోటు) వీలైనంతవరకు వాడకూడని మందుల మొదటి జాబితాని ఆయన బృందం తయారుచేసింది. ఇప్పుడు దాన్ని అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ (వృద్ధుల వైద్యం చూసేవాళ్ల సంఘం) చూసుకుంటోంది, 2023లో కూడా దాన్ని సవరించింది. ఖర్చు ఆ సొసైటీదే. ప్యానెల్లో ఉన్నవాళ్లు ఏ కంపెనీ నుంచి ఏం తీసుకున్నారో రాసివ్వాలి.

అలాగని మీ బావగారి అనుమానం ఊరికే పుట్టింది కాదు. 2004లో అమెరికాలో కొలెస్ట్రాల్ సూచనలు మార్చిన తొమ్మిదిమందిలో ఎనిమిదిమందికి స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందులు) కంపెనీలతో డబ్బు సంబంధాలున్నాయని తర్వాత బయటపడి పెద్ద గొడవైంది. అందుకే నేనైతే ఏ సూచన చూసినా, ఇది పాటిస్తే ఎవరి సరుకు అమ్ముడవుతుంది అని అడుగుతాను. అల్ప్రాజోలం మానమంటే ఎవరికీ పైసా రాదు. పైగా కారణం కళ్లెదుటే ఉంది: రాత్రి రెండింటికి మత్తులో బాత్‌రూమ్‌కి లేచి, తూలి పడి, తుంటి ఎముక విరగ్గొట్టుకుని వచ్చే పెద్దవాళ్లని మేం చూస్తూనే ఉంటాం. ఈ విషయంలో మీ అన్నయ్యదే రైటు, ఆ ‘వెంటనే’ అన్న మాట తప్ప. మీ డాక్టరు డోసు కొంచెం కొంచెంగా, వారాలు, అవసరమైతే నెలలు పట్టినా సరే, తగ్గిస్తారు.

గ్లిమిపిరైడ్ కథ వేరు. అది చవక మందు, దాన్ని పక్కన పెడితే దాని చోట్లోకి వచ్చేది సాధారణంగా ఖరీదైనదే, కాబట్టి ఇక్కడ కాస్త గుచ్చి అడగడంలో తప్పులేదు. కానీ పెద్దవాళ్లలో అది షుగర్‌ని మరీ కిందికి పడేస్తుందన్నది నిజం, ముఖ్యంగా కిడ్నీలు నెమ్మదించినవాళ్లకి, మాత్ర వేసుకుని టిఫిన్ ఆలస్యం చేసేవాళ్లకి. 2022లో పేటెంటు పోయాక సిటాగ్లిప్టిన్ అనే షుగర్ మందు మన దగ్గర బాగా చవకైంది కూడా. నాన్నగారికి చెమటలు, వణుకు, తికమక ఎప్పుడైనా వచ్చాయా? క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత? ఇవి తెలియకుండా మార్చమనీ చెప్పలేను, ఉంచమనీ చెప్పలేను.

అసలు ఆ లిస్టులో ఉన్నది ‘వీలైనంతవరకు వాడొద్దు’ అనే, ‘విషం’ అని కాదు. ఇంట్లో ఉన్న మందులన్నీ, జలుబు మాత్రలతో సహా, ఒక సంచిలో వేసుకుని నాన్నగారితో పాటు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈలోగా రాత్రిపూట బాత్‌రూమ్ దారిలో ఒక లైటు వెలిగించి ఉంచండి.