ఓడకు ఇంధనం నింపేటప్పుడు మోసం ఎక్కడ జరుగుతుంది?

"మా తమ్ముడు ఓడలో ఇంజనీరుగా చేరాడు. కృష్ణపట్నం రేవులో ఆయిల్ ఎక్కించుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?" అని అడిగారు.

ముందుగా ఉష్ణోగ్రత చూసుకోమనండి. ఆయిల్ అమ్మేది టన్నుల్లో, ట్యాంకులో కొలిచేది ఘనపరిమాణం. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది. నిజంగా 45 డిగ్రీలుంటే కాగితం మీద 35 అని రాశారనుకోండి, 500 టన్నుల సరుకులో మూడు టన్నులకు పైగా గాల్లో లెక్కే. నెల్లూరు ఎండల్లో అయితే మరీ జాగ్రత్త. థర్మామీటర్ మనవాళ్లే పట్టుకుని, బార్జి (ఆయిల్ తెచ్చే పడవ) ట్యాంకులన్నీ, ఓడలోకి ఆయిల్ ఎక్కించకముందూ, ఎక్కించాకా స్వయంగా కొలవాలి. ఖాళీ అని చెప్పిన ట్యాంకును కూడా వదలకూడదు.

ఇంకో మోసం, ఆయిల్‌లోకి గాలి ఊదడం. నురగతో మట్టం పెరిగినట్టు కనిపిస్తుంది, కాసేపటికి దిగిపోతుంది. కొలత టేపు మీద బుడగలు కనిపించినా, గొట్టం అదిరినా వెంటనే ఆపించాలి. సింగపూర్ 2017 నుంచి ఫ్యూయల్ ఆయిల్‌కు మాస్ ఫ్లో మీటర్లు తప్పనిసరి చేసింది. అవి బరువునే కొలుస్తాయి కాబట్టి ఈ గొడవ చాలా తగ్గుతుంది.

నాణ్యతకు శాంపిలే సాక్ష్యం. నింపుతున్నంతసేపూ ఓడ వైపు గొట్టం దగ్గర చుక్కచుక్కగా పట్టి, ఓడవాళ్లు, బార్జివాళ్లు ఇద్దరి ఎదుటా సీలు వేయాలి. బార్జి వాళ్లు ముందే నింపి తెచ్చిన సీసాల మీద సంతకం పెట్టొద్దు. డెలివరీ నోటు (ఇచ్చిన ఆయిల్ వివరాల కాగితం) మూడేళ్లు, శాంపిల్ కనీసం ఏడాది దాచాలి.

తేడా వస్తే బార్జి కదలకముందే అభ్యంతర పత్రం ఇవ్వాలి. టెన్షన్‌లో ఖాళీ కాగితాల మీద సంతకాలు మాత్రం వద్దని గట్టిగా చెప్పండి.