అబ్బాయికి మాత్రమే వినిపించే కూత

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. మా అబ్బాయి ఈ ఏడు మెట్రిక్ పరీక్ష రాయాలి. రాత్రి పుస్తకం పట్టుకుంటే టీవీ మూల నుంచి కీ...మని సన్నటి కూత వస్తోందంటాడు. టీవీ ఆపాకే ఎక్కువట. నాకూ, మా ఆయనకూ ఏమీ వినబడదు. చదువు ఎగ్గొట్టడానికి సాకని ఆయన కేకలేస్తున్నారు. సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ పాడైందా? పేలుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, అబ్బాయి నిజమే చెబుతున్నాడు. ముందు ఆ మాట మీవారికి చెప్పండి. పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లుగా రిపేర్లు చేస్తున్నాను. పాత డబ్బా టీవీల రోజుల్లో వీధిలో నడుస్తూనే ఏ ఇంట్లో టీవీ నడుస్తోందో చెప్పేవాణ్ణి. ఆ సెట్ల నుంచి సెకనుకు 15,625 కంపనాల కూత వచ్చేది. ఇప్పుడు నా వయసు యాభై ఆరు. ఆ కూత నాకు అస్సలు వినబడదు. వయసుతో పాటు ముందు పోయేది ఆ పైస్థాయి వినికిడే. అందుకే ఇలాంటి కేసు వస్తే షాపులో పని నేర్చుకునే కుర్రాణ్ణి పిలిచి, ఎక్కడ కూస్తోందో వాడి చెవితోనే పట్టిస్తాను.

అడాప్టర్ లోపల బొటనవేలంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దానికి కరెంటును సెకనుకు అరవై వేల సార్ల ప్రాంతంలో ఆపి వదులుతూ, కొట్టి కొట్టి ఇస్తుంది ఐసీ అనే చిన్న చిప్పు. అంత వేగం మనిషి చెవికి అందదు. టీవీతో పాటు బాక్స్‌నూ రిమోట్‌తోనే ఆపితే అది స్టాండ్‌బైలోకి వెళుతుంది, కరెంటు పెద్దగా లాగదు కాబట్టి ఐసీ ఆగి ఆగి, గుంపులు గుంపులుగా కొడుతుంది. ఆ గుంపుల లెక్క పన్నెండు, పదిహేను వేల దగ్గరికి దిగిందంటే పిల్లల చెవికి తగులుతుంది. చుట్టిన రాగి తీగ కాస్త వదులైనా, దాని మధ్యలోని దిమ్మె (కోర్) అతుకు సడలినా ఆ దెబ్బలకు అదిరి కూస్తుంది. టీవీ ఆపాకే ఎక్కువ అని మీవాడు అన్నాడు చూశారా, అసలు సంగతి అక్కడే దొరికింది.

ఈ రాత్రే బాక్స్ ఆన్ చేసి ఏదైనా చానల్ పెట్టి, టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించి అబ్బాయిని వినమనండి. కూత ఆగిపోతే భయం లేదు. టీవీ చూడటం అయ్యాక గోడ స్విచ్చి కూడా ఆపేస్తే చాలు. బాక్స్ నడుస్తున్నప్పుడు కూడా కూస్తూ, మధ్యలో దానంతటది ఆగి మళ్లీ ఆన్ అవుతుంటే మాత్రం అడాప్టర్ లోపల కరెంటు దాచే చిన్న డబ్బీ, అదే కెపాసిటర్, ఎండిపోయి ఉండొచ్చు. పైకప్పు ఉబ్బిన కెపాసిటర్ చూడగానే తెలుస్తుంది. ఉబ్బకపోయినా లోపల ఎండినవి చాలా చూశాను. మెకానిక్ దాన్ని మార్చేటప్పుడు అదే మైక్రోఫారడ్, వోల్టేజీ అంతకు తగ్గకుండా, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం వేయమనండి. తీగ చుట్ట వదులైతే ట్రాన్స్‌ఫార్మర్ వార్నిష్ పోసి ఆరబెడితే కూత తగ్గుతుంది. పుల్లటి వాసన వేసే సిలికాన్ పూయనివ్వకండి, అది రాగిని తినేస్తుంది.

మీరు మాత్రం ఆ అడాప్టర్ విప్పకండమ్మా. మన 230 వోల్టులు లోపలికి వెళ్లి దాదాపు 325 వోల్టుల డీసీ అవుతాయి. ప్లగ్ పీకాక కూడా పెద్ద కెపాసిటర్‌లో అది నిలిచి ఉంటుంది. ఆ దెబ్బ నేను తిన్నాను, మోచేతి దాకా చెయ్యి మొద్దుబారిపోయింది.

కాలిన వాసన వచ్చినా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా ఇక రిపేరు మాట వద్దు, కొత్తది కొనండి. పాతదాని మీద 12 వోల్టులని ఉంటే కొత్తదీ 12 వోల్టులే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండొచ్చు, ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ మాత్రం వద్దు. పిన్ను బొమ్మలో ప్లస్, మైనస్ ఎటున్నాయో కూడా సరిచూసుకోండి. కొనడానికి అబ్బాయినీ వెంట తీసుకెళ్లి, షాపులోనే ప్లగ్‌లో పెట్టించి వాడి చెవి దగ్గర పట్టి చూడండి.